చిరునామా లేని బిళ్ల

నా యింటి పునాది నింపుటకై టిప్పరులో వచ్చిన మొరము నుండి ఒకనాడు ఒక మట్టిబిళ్ల బయటపడినది. కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. అమీన్‌పూరులో నావంటి తెలుగు ఉపన్యాసకుడు జాగా కొని ఇల్లు కట్టుకొన్న కథకు పర్వములు అనేకములు. వాటిని ఇక్కడ విప్పను. బిళ్ల సంగతి మాత్రము చెప్పదగినది. అది రూపాయి నాణెముకంటె కొంచెము పెద్దది; ఎర్రగా కాలిన మట్టితో చేసినది; నడుమ రంధ్రమున్నది; ఒక అంచున పెచ్చు లేచినది. మేస్త్రీ దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, “పిల్లలాడుకునే బండి గీర” అని తీర్పు చెప్పినాడు. గొంగళ్లు నేసే కురుమల యింట పుట్టిన ఎదురింటి వృద్ధురాలు ఆ తీర్పును ఒక్క మాటతో కొట్టివేసినది. “గిది కదురుబిల్ల గద సారూ! మా అవ్వ గిసొంటిది పెట్టే ఉన్ని వడికేది” అని, లేని కదురును వ్రేళ్ల నడుమ త్రిప్పి చూపినది. ఆ త్రిప్పుటలో ఎన్ని వందల ఏండ్ల అలవాటు దాగియున్నదో గాని, ఆమె చేతిలో కదురు ఉన్నట్లే నాకు కనబడినది.

టిప్పరు నడిపే యువకుని ఈ మట్టి ఎక్కడిదని అడిగినాను. “మూడు జాగలకెళ్లి కొడుతున్నం సార్. ఏ లోడు ఎక్కడిదో ఎట్ల యాదికుంటది?” అన్నాడు. అతని తప్పేమున్నది? మట్టికి ఊరుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

బిళ్లను కాగితములో చుట్టి, పురావస్తు విద్య తెలిసిన ఒక మిత్రుని వద్దకు పోయినాను. ఇది ఎంత పాతదని ఆయనను నేను అడుగవలెనని పోతే, ఆయనయే నన్ను అడుగ మొదలిడినాడు. ఎక్కడ దొరికినది? ఎంత లోతున? దాని ప్రక్కన ఏమున్నవి? మూడింటికిన్నీ నాకు జవాబు లేదు. ఇట్టి బిళ్లలు దక్కను త్రవ్వకములలో తరచుగా దొరుకునవేనట. రెండువేల ఏండ్లదైనా కావచ్చును, రెండువందల ఏండ్లదైనా కావచ్చును; మట్టిబిళ్ల రూపము కాలముతో పెద్దగా మారదు. “చోటు తెలిసియుంటే దీనితో మాట్లాడించవచ్చును. ఇప్పుడిది మూగది” అని ఆయన బిళ్లను నా చేతికి తిరిగి ఇచ్చినాడు.

ఆ మూగ బిళ్లయే నన్ను మ్యూజియముల చుట్టూ త్రిప్పినది.

మొదట పోయినది కొండాపురము. ఈ పేరు చెప్పగానే పాఠకులకు హైదరాబాదులో కంప్యూటరు కంపెనీల నడుమనున్న కొండాపురము తోచును. నేను చెప్పునది అది కాదు. సంగారెడ్డి జిల్లాలోని పల్లెకొండాపురము. 1940–42 సంవత్సరములలో నిజాము రాజ్యపు పురావస్తు శాఖవారు, ఆ శాఖకు 1914 నుండి తొలి అధిపతియైన గులాం యజ్దానీగారి ఆధ్వర్యవమున, అక్కడి పాటిదిబ్బను త్రవ్వించినారు. ఇటుక గోడల ఇండ్లు, కొలుములు, బౌద్ధ కట్టడముల పునాదులు, వేలకొలది నాణెములు బయటపడినవి. యజ్దానీగారు 1941లో తమ త్రవ్వకములను గూర్చి వ్రాసినప్పుడు ఆ దిబ్బను ‘ఒక ఆంధ్ర పట్టణము’ అని పేర్కొన్నారు. క్రీస్తునకు ముందు రెండువందల ఏండ్ల నుండి క్రీస్తు తరువాత రెండువందల ఏండ్ల వరకు దాని కాలమని నిర్ణయించినారు. దొరికిన వస్తువులలో చాలభాగము ఆ దిబ్బ ప్రక్కనే చిన్న మ్యూజియములో ఉన్నవి. కిటికీలోనుండి చూస్తే అవి పుట్టిన నేల కనబడుతుంది. ఈ ఒక్క సౌఖ్యము పెద్ద పెద్ద రాజధానుల మ్యూజియములకు లేదు.

అక్కడి నాణెములను చూచినవారు ఒక విషయము గమనింపకపోరు. చాలభాగము వెండిబంగారములు కావు. సీసము, రాగి, సీసపు పాళ్లు కలిసిన లోహము. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి మొదలైన మహారాజుల పేర్లు ఆ చవుక లోహము మీదనే ఉన్నవి. నాణెములు పోతపోయు మట్టి మూసలు కూడ దొరుకుటచేత ఇక్కడ టంకశాల ఉండెనని పండితులు భావించినారు. సీసపు నాణెమెందుకు? బంగారు కాసుతో కూరగాయలు కొనలేము గనుక. గంపెడు జొన్నలకు, కుండకు, నూనెకు, గాజులకు చెల్లించుటకు చిల్లర కావలెను. చిల్లర వేలకొలది ఉన్నదంటే అంగడి ఉన్నదన్నమాట. అంగడి ఉన్నదంటే రాజును ఎన్నడూ చూడని జనము అక్కడ బేరమాడినారన్నమాట. శాసనములు దానములను చెప్పును, యుద్ధములను చెప్పును. సంతలో చిల్లర లేక ఎవరు ఎంత ఇబ్బంది పడినారో శాసనములు చెప్పవు.

ఆ సీసము కొంత ఎక్కడినుండి వచ్చినదో ఆనాటి ఒక గ్రీకు నావికుడు సూచించినాడు. ‘ఎరిత్రియను సముద్ర పెరిప్లసు’ అని ప్రసిద్ధమైన మొదటి శతాబ్దపు గ్రంథములో బరుకచ్ఛపు రేవున దిగు సరకులలో రాగి, తగరము, సీసము ఉన్నవి. ఆ గ్రంథమే పైఠను, తగర పట్టణములను కూడ పేర్కొని, తగర నుండి బట్టలు బండ్ల మీద దుర్గమమైన బాటలలో పడమటి రేవునకు పోయెడివని వ్రాసినది. తగరయే నేటి మహారాష్ట్రములోని తేర్. తూర్పు తీరమున మసాలియా అను ప్రాంతమును, అక్కడి నేతబట్టలను కూడ పెరిప్లసు ఎరుగును. అది మన మచిలీపట్టణపు సీమ. మా అమీన్‌పూరుకు చేరువలో, పటాన్‌చెరు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై షోలాపురము, జహీరాబాదు, సంగారెడ్డి, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణములో ముగియును. రాత్రివేళ ఆ దారిపై లారీల హోరు వినబడినప్పుడెల్లా నాకు తగర బండ్లు జ్ఞాపకము వచ్చును. దారి సరిగా అదే కాకపోవచ్చును. దిక్కు మాత్రము అదే.

కొండాపురములో అగస్టసు చక్రవర్తి బంగారు నాణెము కూడ దొరికినది. రోము బంగారము ఇంత లోతట్టుకు వచ్చినదంటే ఆశ్చర్యము కలుగును గాని, ఇందులో రహస్యమేమియు లేదు. ఏటేటా అయిదుకోట్ల సెస్టెర్సులు హిందూదేశము లాగుకొనుచున్నదని ప్లినీ వాపోయినాడు. నన్ను ఎక్కువసేపు నిలిపినది ఆ బంగారు నాణెము కాదు. రోము నాణెములను చూచి చేసిన మట్టి పతకములు కొన్ని ఈ దిబ్బలోనే దొరికినవి. మెడలో దారముతో వ్రేలాడదీసికొనుటకు వాటికి కొలికి ఉన్నది. అనగా ఈ ఊరి కుమ్మరి యొకడు చక్రవర్తి ముఖమును మట్టిలో అచ్చుకొట్టి కాల్చినాడు. బంగారు కాసు పేరును ధరింపలేని ఆడుదియో మగవాడో దానిని మెడలో వేసికొని సంతకో, పెండ్లికో పోయినాడు. ఆ ముఖము ఎవరిదో వారికి తెలియదు, తెలియనక్కరలేదు. మన యిండ్లలో కాసులపేరు ఉన్నది. విక్టోరియా రాణి ముఖముగల కాసులను మన ముత్తవ్వలు మెడనిండ వేసికొని మురిసినారు. ఆ రాణి ఎవరని వారిలో ఎందరు అడిగియుందురు? గిల్టు నగ ధరించినామె సిగ్గు, దాని వెనుకనే ఆమె ముచ్చట, రెండున్నూ ఆ మట్టి పతకములో నాకు కనబడినవి. రోమకుల వ్యాపారమును గూర్చి ఎన్నో గ్రంథములున్నవి. ఇంత దగ్గరగా నాకు ఏ గ్రంథమున్నూ ఆ కాలమును చూపలేదు.

తెల్లని సుద్దమట్టితో జంట మూసలలో అచ్చువేసిన బొమ్మలున్నవి. ఆ స్త్రీమూర్తుల జడల అల్లికలు, చెవుల బరువులు చూస్తే ఆనాటి సింగారపు తీరు తెలియును. పూసలు చెప్పనలవి కానన్ని: మట్టివి, గాజువి, రంగురాళ్లవి.

తెలుగు చెప్పుకొని బ్రతికే నాకు నాణెములను గురించి ఇంకొక మాట చెప్పక తీరదు. శాతవాహనుల వెండి నాణెములలో కొన్నింటిపై ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ఒక దక్షిణాది భాష ఉన్నవి. ఆ రెండవ భాషలో పదముల చివర ‘కు’ విభక్తి స్పష్టముగా కనబడును. అది తమిళమని కొందరు, తొలి తెలుగు ఛాయ అని కొందరు వాదించినారు. వాదము ఇంకను తీరలేదు. నా పక్షపాతము ఎటో పాఠకులు ఊహింపగలరు గనుక నేను తీర్పు చెప్పను. అమరావతి శిలాశకలముపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘నాగబు’ అను పదమును గుర్తించినప్పుడు మన భాషకు ఎంత పొంగు వచ్చినదో తెలిసినదే. ఒక నాణెపు అంచు, ఒక రాతిపెళ్ల. మన భాష వయస్సు అంత చిన్న వస్తువులపై ఆధారపడియున్నది.

అమరావతి మాట వచ్చినది గనుక, చోటు పోగొట్టుకొన్న వస్తువుల వ్యథ ఏమిటో అక్కడనే తెలియును. ఆ స్తూపపు రాళ్లలో కొన్ని ఇండ్లకు, గుళ్లకు పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించి మద్రాసునకు చేర్చిన ఫలకములు 1859లో లండను చేరి, బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. మిగిలినవి మద్రాసులోను ఇతర చోట్లను ఉన్నవి. ఏ రాయి స్తూపములో ఎక్కడ ఉండెడిదో నిర్ణయించుటకు పండితులు నేటికిన్నీ కర్నలు మెకంజీ 1816లో తిరిగి వచ్చి గీయించిన చిత్రములను ఆశ్రయించుచున్నారు. రాతికంటె కాగితము బలహీనమైనది. అయినను రాతి చిరునామాను కాపాడినది కాగితమే.

ఆ లండను మ్యూజియము వారే 2010లో బి.బి.సి. రేడియోతో కలిసి నూరు వస్తువులలో ప్రపంచ చరిత్రను చెప్పినారు. అప్పటి మ్యూజియము అధిపతి నీల్ మెక్‌గ్రెగరు ఆ ప్రసంగములు చేసినాడు. చూడవలసిన వస్తువులను రేడియోలో చెప్పుట విచిత్రమే గాని, వినిన వారందరు కండ్లు మూసికొని చూచినారు. ఆ నూరింటిలో ఒకటి వెండి మిరియాల డబ్బీ. నాల్గవ శతాబ్దపు రోమక స్త్రీ మూర్తి రూపములో ఉన్నది. అందులో పోసిన మిరియములు మన మలబారువి. ఆ డబ్బీ దొరికిన కథ నాకు డబ్బీ కంటె ప్రియమైనది. 1992 నవంబరులో, ఇంగ్లండులోని సఫక్ ప్రాంతమున హాక్స్న్ అను పల్లెలో ఒక రైతు సుత్తి పొలములో పోయినది. ఎరిక్ లాజ్ అను స్నేహితుడు లోహమును కనిపెట్టు యంత్రముతో దానిని వెదుకబోయి వెండి చెంచాలను, నాణెములను చూచినాడు. కొంత తీసి, అంతటితో ఆగి, తెలుపవలసిన వారికి తెలిపినాడు. పురావస్తు శాఖవారు వచ్చి, ఏది ఏ పెట్టెలో ఏ వరుసలో ఉన్నదో చూచి తీసినారు. దాదాపు 15,000 నాణెములు, రెండు వందల వెండిబంగారు వస్తువులు. సుత్తి కూడ దొరికినది. దానిని కూడ మ్యూజియములోనే పెట్టినారు. అతడు ఆ దినమున ఆగకుండ చేతికందినదంతయు త్రవ్వియుంటే వెండి మిగిలెడిది. పెట్టె, వరుస, చుట్టిన గుడ్డ, కట్టిన గడ్డి పోయెడివి.

ఆగుట మా ప్రాంతమునకు తెలియని విద్య. దీనిని నిందగా అనుటలేదు. నా యిల్లు కూడ ఆగని యంత్రము త్రవ్విన మట్టి మీదనే నిలిచియున్నది. అమీన్‌పూరు చెరువు కుతుబుషాహీల నాటిది. కార్ఖానాల నడుమ మిగిలిన ఆ నీటిని వలసపక్షులు ఇంకను మరువలేదు గనుక 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినారు. పక్షులకు ఆ మాత్రము ఊరట దొరికినది. చుట్టునున్న దిబ్బలకు, గుట్టలకు ఎవరును పక్షముగా లేరు. పటాన్‌చెరు సామాన్యమైన ఊరు కాదు. పదునొకండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యులకు రాజధానిగా నిలిచిన పొట్టలకెరె ఇదియేనని చరిత్రకారులు గుర్తించినారు. కన్నడపు ‘కెరె’ తెలుగున ‘చెరువు’ అయినది, అంతే. అక్కడి జైన తీర్థంకరుల నల్లరాతి విగ్రహములు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియములో ఉన్నవి. ఈజిప్టు శవమును చూచుటకై తొక్కిసలాడు పిల్లలు ఆ విగ్రహముల ముందునుండి పరుగెత్తుకొని పోవుదురు. పటాన్‌చెరు నుండి వచ్చిన పిల్లలు కూడ అంతే. అది మన ఊరి దేవుడని చెప్పువారు లేరు.

సాలార్‌జంగు మ్యూజియమును తక్కువ చేయను. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ప్రారంభించిన ఆ సంగ్రహములో మేలిముసుగు రెబెక్కాను చూడని తెలుగువాడు అరుదు. అది ఒక ధనవంతుని అభిరుచికి మ్యూజియము. ప్రపంచమున ఏది అందముగా ఉన్నదో అది అక్కడికి చేరినది. గంట కొట్టు గడియారము ముందు నేను కూడ నిలువబడినాను. కాని నా బిళ్లను అక్కడ ఎవరు కొందురు?

చట్టము కూడ దానిని కొనదు. భూమిలో దొరికిన నిధులను గూర్చి మనకున్న చట్టము 1878 నాటిది. పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరునకు తెలుపవలెను అని దాని ఆజ్ఞ. ఆ పది రూపాయలు ఆనాడు పెద్ద మొత్తమే. 1972 చట్టము వచ్చి నూరేండ్లు నిండిన కళాఖండములకు, చేతిపని వస్తువులకు పురావస్తువు అను గౌరవమిచ్చినది. కాని పునాది గుంతలో వచ్చిన పెంకు ముక్కను చూచి, ఇది నూరేండ్లు నిండినదా అని యంత్రము ఆపువాడెవడు? బంగారు కడియము వస్తే ఊరంతా తెలియును, పోలీసులు వత్తురు. కుండపెంకు వస్తే తిరిగి గుంతలో పడును. మనుష్యులు ఎక్కువగా వాడినది మాత్రము కుండనే.

పటాన్‌చెరులోనే ఇంకొక మ్యూజియము ఉన్నది. దానిని ఎవరును మ్యూజియము అనరు. 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారి విత్తన భాండాగారము అది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యములు: ప్రపంచపు నలుమూలల నుండి సేకరించిన 1,20,000కు పైబడిన విత్తన రకములు అక్కడ భద్రముగా ఉన్నవి. దీర్ఘకాలము నిలువవలసిన వాటిని సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో ఉంచుదురు. ప్రతి రకమునకు ఒక ‘పాస్‌పోర్టు’ ఉండునట. ఆ గింజ ఏ దేశపు ఏ ఊరిలో సేకరింపబడినదో అందులో వ్రాసియుండును. ఊరు తెలిస్తే అక్కడి వాన తెలియును, నేల తెలియును, ఆ గింజ ఏ కరవును ఓర్చినదో తెలియును. ఈ మాట తెలిసినప్పుడు నా జేబులో ఉన్నట్లే ఆ మట్టిబిళ్ల బరువు తోచినది. జొన్నగింజకు పాస్‌పోర్టు ఉన్నది. ఆ జొన్నరొట్టె తిని నూలో ఉన్నియో వడికిన చేతి గుర్తునకు లేదు.

గత సంవత్సరము మా విద్యార్థులను కొండాపురము తీసికొనిపోయినాను. నలుబది మందిలో ముప్పదిమందికి సెల్‌ఫోను ఛాయాచిత్రముల మీదనే దృష్టి. దానికి నేను కోపగింపను. ఆ వయస్సులో నేను రాష్ట్ర మ్యూజియమునకు పోయి చల్లగా ఉన్నదని నిద్రపోయినాను. ఒక పిల్లవాడు మాత్రము నలుపు ఎరుపు కలిసిన కుండపెంకుల ముందు ఆగి చాలసేపు కదలలేదు. అతని తండ్రి జె.సి.బి. నడుపుతాడు. “ఇసొంటియి మా నాయిన పనికాడ మస్తు వస్తయి సార్” అన్నాడు. నేను నా బిళ్ల కథ చెప్పి, ఈసారి వస్తే మూడు మాటలు వ్రాసి పెట్టుమన్నాను: ఎక్కడ, ఎంత లోతున, ప్రక్కన ఏమి.

రెండు నెలలకు అతడు పాత నోటుపుస్తకపు కాగితమొకటి తెచ్చి నా బల్లపై పెట్టినాడు. తండ్రి చెప్పగా కొడుకు వ్రాసినది. ఊరి పేరు ఉన్నది. లోతు చోట ‘బకెట్టు రెండుసార్లు దిగినంత’ అని, ప్రక్కన ‘బూడిద, పెద్ద బండలు గుండ్రంగ’ అని ఉన్నవి. పెంకును తేలేదు. “నాయిన తియ్యలే సార్. బండ్లు ఆ పక్కకు మళ్లించిండు, ఒక్క దినం కోసం” అన్నాడు. ఆ ఒక్క దినపు ఆలస్యమునకు గుత్తేదారుతో మాట పడినాడని తరువాత తెలిసినది. కాగితపు నకలును జతచేసి పురావస్తు శాఖకు ఆనాడే లేఖ వ్రాసినాను.

కదురుబిళ్ల నా బల్లపైననే ఉన్నది. కళాశాలలో ఒక అలమర ఖాళీ చేయించి దానిని అందులో పెట్టదలచి, మ్యూజియము వారి పద్ధతిలో చిన్న చీటీ వ్రాసినాను. వస్తువు: కదురుబిళ్ల. పదార్థము: కాల్చిన మట్టి. గుర్తించినవారు: ఎదురింటి అవ్వ. దొరికిన చోటు అను వరుస దగ్గర కలము ఆగినది. చాలసేపు ఆలోచించి ‘టిప్పరు’ అని వ్రాసినాను.